నాటు పెట్టల మీదికి వనరాజా పుంజును వదలొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెరట్లో పన్నెండు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. నూకలు, తవుడు వేసి ఆరు నెలలు పెంచినా పిల్లలు కిలో తూగడం లేదు. ఈ పుంజును తీసేసి వనరాజా పుంజును వదిలితే తొందరగా ఎదుగుతాయంటున్నారు, నిజమేనా? తర్వాత ఆ పిల్లల్లోంచే ఒక పుంజును ఉంచుకుంటే సరిపోతుందా?

జవాబు: మొదటిదానికి అవును, రెండోదానికి కాదండీ. చాలామంది ఆ రెండో దాని దగ్గరే దెబ్బతింటున్నారు.

వనరాజా అనేది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు వేర్వేరు లైన్లు (విడివిడిగా ఎంపిక చేసి పెంచిన కోళ్ల వంశాలు) కలిపి తీసిన పెరటి కోడి. దాని పుంజుకీ మీ నాటు పెట్టలకీ పుట్టే మొదటి తరం పిల్లలు తల్లికంటే చురుగ్గా బరువు పెరుగుతాయి. కానీ ఆ పిల్లల్లోనే పుంజునీ పెట్టనీ కలిపారనుకోండి, తర్వాతి తరంలో ఒకటి తాతలా, ఒకటి అమ్మమ్మలా, ఒకటి ఎవరిలానూ కాకుండా వస్తాయి, క్రాస్ వల్ల వచ్చిన ఊపు సగానికి పడిపోతుంది, పైగా అన్నాచెల్లెళ్ల కలయిక కాబట్టి గుడ్లు సరిగ్గా పిల్లలవ్వవు. అందుకని క్రాస్ పిల్లల్ని మొత్తం అమ్మకానికే పెంచండి. మంచి నాటు పెట్టలు మూడు, వాటితో చుట్టరికం లేని నాటు పుంజు ఒకటి విడిగా ఉంచుకుంటే తల్లుల లైన్ పోదు. ఇది మాత్రం దయచేసి వదిలెయ్యకండి, చుట్టుపక్కల ఊళ్లలో అసలు నాటు పెట్ట దొరకడమే కష్టమైపోతోంది.

పుంజును మార్చేటప్పుడు ఇంకో సంగతి. పాత పుంజును తీసేసినా దాని వీర్యం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు బతికే ఉంటుంది. కొత్త పుంజును వదిలిన మర్నాడే గుడ్లు పొదగేస్తే పాత పుంజు పిల్లలే వస్తాయి, మీరేమో క్రాస్ పనిచేయలేదనుకుంటారు. మూడు వారాల గుడ్లు కూరకి వాడేసుకుని, తర్వాతివి పొదగెయ్యండి. పుంజు మరీ బరువైనదైతే చిన్న పెట్టల వీపు చీరుకుపోతుంది, కాబట్టి వయసులో ఉన్న తేలికపాటి పుంజును తెచ్చి గోళ్లు కత్తిరించండి. పన్నెండింటికి ఒకటి కొంచెం ఎక్కువ భారం, పది లోపు ఉంటే మంచిది.

ఇంతా చేసి మళ్లీ నూకలే వేస్తే లాభం లేదు. నూకల్లో మాంసకృత్తులు 8 శాతం దగ్గరే ఉంటాయి, పిల్లలకి మొదటి ఆరు వారాలు 20 శాతం దాకా కావాలి. నిజానికి నేనైతే పుంజును మార్చే ముందు ఇప్పుడున్న నాటు పిల్లలకే ఒక విడత చిక్ ఫీడ్ (కోడిపిల్లల దాణా) వేసి చూస్తాను, ఎదుగుదల మారితే లోపం జాతిలో కాదు, మేతలో ఉందన్నమాట. కొక్కెర తెగులు (రాణిఖేత్) రాకుండా టీకాని మొదటి వారంలో కంటి చుక్కలుగా, ఎనిమిదో వారంలో ఇంజెక్షన్‌గా వేయించండి.

ప్రశ్న: విజయవాడ శివార్లలో ఉంటాం. మా వనరాజా పెట్టలు గుడ్లు పెడుతున్నాయి కానీ పొదగడం లేదు. జబ్బేమైనా ఉందా?

జవాబు: జబ్బేం లేదు, టెన్షన్ పడకండి. గుడ్ల కోసం ఎంపిక చేస్తూ వచ్చిన రకాల్లో పొదుగు గుణం తగ్గిపోతుంది. వారం లోపు గుడ్లు పది పన్నెండు నాటు పెట్ట కింద పెట్టండి, 21 రోజులకి పిల్లలు దిగుతాయి. అయితే వాటి తండ్రి కూడా వనరాజానే అయితే పిల్లలు తల్లంత రావు. అలాంటప్పుడు గుడ్లు తినేసి, కొత్త పిల్లల్ని హేచరీ నుంచే తెచ్చుకోవడం మేలు.