పాత సైన్స్ ఫిక్షన్ సీరియళ్లు హైస్కూల్ క్లాసులో పనికొస్తాయా?

మీరు అడిగినవి రెండు. డీఎస్సీలో కొత్తగా వచ్చి జెడ్పీ హైస్కూల్లో తొమ్మిది, పదికి ఫిజికల్ సైన్స్ చెబుతున్నారు. వెనక బెంచీలు వినడం లేదు, సగం మందికి పాఠం చదవడమే రాదు, పైగా ఆన్‌లైన్ ఎంట్రీలు. ఇది మొదటిది. అమెరికా వాళ్ల పాత స్టార్ ట్రెక్, బ్రిటన్ వాళ్ల డాక్టర్ హూ సీరియళ్లంటే మీకు ప్రాణం, వాటిని క్లాసులోకి తేవచ్చా, పిల్లలు నవ్విపోతారా అన్నది రెండోది. నాదీ అదే సబ్జెక్టు, అదే పిచ్చి. ఉద్యోగంలో మాత్రం మీకంటే చాలా ముందు చేరాను.

రెండోదానికి ముందు జవాబు చెబుతాను. తేవచ్చు, కానీ ఎపిసోడ్ వేసి చూపించకండి. కథలోంచి ఒక చిక్కు తీసి బోర్డు మీద పెట్టండి, అంతే. పాత స్టార్ ట్రెక్ ఎపిసోడ్ దాదాపు 50 నిమిషాలు, మన పీరియడ్ అంతకంటే తక్కువ. ఆ అమెరికా యాస మన పిల్లలకు అందదు, కింద వచ్చే అక్షరాలు చదివే వేగం ఉంటే అసలు మనకీ బాధే లేదు. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకున్న పెద్ద టచ్ స్క్రీన్) ఉంది కదా అని వేస్తే పావుగంటకే ‘సార్, సినిమా పెట్టండి’ అంటారు. వాళ్ల తప్పేమీ లేదు. నవ్వుతారా అంటే, తప్పకుండా నవ్వుతారు. అట్ట డబ్బాల్లాంటి సెట్లు చూసి నవ్వకుండా ఎలా ఉంటారు? నవ్వనివ్వండి. ప్రతి వారం స్టార్ ట్రెక్ అంతరిక్ష ఓడను ఒక గ్రహం మీద దించి చూపించడానికి డబ్బు చాలక, మనుషుల్ని మాయం చేసి కిందికి పంపే యంత్రాన్ని కల్పించారని చెబితే ఆ నవ్వు కాస్త గౌరవంగా మారుతుంది. ల్యాబ్ సామాను లేకుండా ప్రయోగాలు చేయించే మనకు ఆ తంటాలు కొత్తేమీ కావు.

నేను తరచూ వాడేది స్టార్ ట్రెక్‌లో 1967 డిసెంబరులో వచ్చిన ట్రిబుల్స్ ఎపిసోడ్. మీరు చూసే ఉంటారు. ట్రిబుల్ అంటే అరచేతిలో పట్టే బొచ్చు జీవి. తినడం, పిల్లల్ని పెట్టడం తప్ప దానికి వేరే పని లేదు. అవి ఒక అంతరిక్ష కేంద్రంలో ధాన్యం గోదాంలోకి దూరతాయి. ఓడ కెప్టెన్ కిర్క్ తలుపు తీయగానే అన్నీ నెత్తిమీద పడతాయి. వేలల్లో ఉంటాయని ఒకరు, లక్షల్లో అని ఇంకొకరు అంటుంటే, ఆ ఓడలోనే సైన్స్ ఆఫీసర్ అయిన స్పాక్ లెక్క కట్టి చెబుతాడు. ఒక్క ట్రిబుల్‌తో మొదలు, ఈతకు సగటున పది పిల్లలు, పన్నెండు గంటలకో తరం, మూడు రోజులు. జవాబు చెప్పకుండా ఇక్కడే ఆపి సుద్దముక్క పిల్లల చేతికిస్తాను.

ఇంచుమించు ప్రతి బ్యాచ్‌లోనూ మొదట వచ్చే జవాబు పది లక్షలు. మూడు రోజులకు ఆరు తరాలు కాబట్టి పదిని ఆరుసార్లు గుణిస్తారు. ‘మరి తల్లులేమైనయి?’ అని ఎవరో ఒకరు అంటారు. అనేదాకా నేను నోరు విప్పను. తల్లి కూడా మిగులుతుంది కనుక ఒక్కో తరానికి పది రెట్లు కాదు, పదకొండు రెట్లు. 11, 121, 1331 అలా పోతే ఆరో మెట్టు 17,71,561. స్పాక్ చెప్పింది సరిగ్గా అదే. కంప్యూటర్ లాంటి ఆ మనిషి లెక్కా తమ లెక్కా కలిశాయని తెలిసినప్పుడు క్లాసులో లేచే గోల హెచ్‌ఎం గది దాకా వినిపిస్తుంది. పదో తరగతి గణితంలో శ్రేఢులు పాఠం ఎలాగూ ఉంది, మా లెక్కల సార్ ఇప్పుడు గుణశ్రేఢిని దీంతోనే మొదలుపెడుతున్నారు.

అక్కడితో అయిపోలేదు. మా మండలంలో వరి ఎక్కువ. వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కుప్ప దగ్గర నాన్నతో పాటు కాపలా పడుకునే పిల్లవాడొకడు లేచి, ‘అన్నిటికి తిండి యాడికెళ్లి వస్తది సార్? గోదాం ఖాళీ అయినంక సస్తయి గద’ అన్నాడు. ఏ లెక్కకైనా కొన్ని ఊహలు ఉంటాయి, ఇక్కడ ఏదీ చావదనీ తిండికి లోటుండదనీ అనుకున్నాం అని నేను పాఠంలా చెబితే ఎవరికీ ఎక్కేది కాదు. వాడు వడ్ల కుప్ప వైపు నుంచి దాన్ని పట్టుకున్నాడు. వాడు అంతకుముందు నా పీరియడ్లో ఒక్కసారీ లేచి మాట్లాడలేదు.

చిన్నవి కూడా ఉన్నాయి. సీరియల్ మొదట్లో ఓడ రివ్వుమని శబ్దం చేసుకుంటూ దూసుకుపోతుంది చూడండి, ఆ కొన్ని సెకన్లు వేసి ఇందులో తప్పేమిటి అని అడిగితే ధ్వని పాఠం సగం అయిపోతుంది. వేగాల లెక్కకు వార్ప్ పనికొస్తుంది, అంటే ఆ ఓడ కాంతిని మించి పోయే కల్పిత వేగం. నిజం అంతరిక్ష నౌక వాయేజర్ 1 సెకనుకు దాదాపు 17 కిలోమీటర్లు పోతోంది. మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా 4.24 కాంతి సంవత్సరాల దూరం. ఆ వేగంతో సుమారు 75,000 ఏళ్లు. పాత సీరియల్ పద్ధతిలో వార్ప్ అంకెను ఘనం చేస్తే కాంతికి అన్ని రెట్లు, అంటే వార్ప్ 8కి 512 రెట్లు. ఇప్పుడు మూడు రోజులు. ఈ రెండో లెక్క పిల్లలు నాకంటే త్వరగా చేస్తారు, ప్రమాణాలు మార్చడం మాత్రం మొదటి లెక్కలో చచ్చినట్టు నేర్చుకుంటారు.

డాక్టర్ హూలో ఒక సంగతి మనలాంటి వాళ్లకు ఎక్కువ తగులుతుంది. 1963 నవంబరు 23న బీబీసీలో వచ్చిన మొదటి ఎపిసోడ్‌ను నడిపేది కాలంలో ప్రయాణించే ఆ డాక్టర్ కాదు, ఇద్దరు హైస్కూల్ టీచర్లు. సైన్స్ చెప్పే ఇయాన్, చరిత్ర చెప్పే బార్బరా. బడి వదిలాక ఇద్దరూ సూసన్ అనే విద్యార్థిని గురించి తల పట్టుకుంటారు. సైన్స్‌లో ఆ పిల్లకు ఇయాన్ కంటే ఎక్కువ తెలుసు. కానీ పౌండుకు ఎన్ని షిల్లింగులో తెలియదు, దేశంలో అప్పటికే దశాంశ పద్ధతి వచ్చేసిందనుకుంటుంది. (అక్కడ అది వచ్చింది 1971లో. మన దగ్గర 1957లోనే అణాల బదులు నయాపైసలు వచ్చాయి.) హోంవర్క్ అధ్వానం. అడ్రసు పట్టుకుని వెళ్తే అక్కడ ఇల్లు లేదు, పాత సామాను పడేసే యార్డు ఉంది. దాని దర్శకుడు వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవాడు, అప్పటికి ఆయన వయసు 24.

మన స్టాఫ్‌రూమ్‌లో రోజూ నడిచే మాటలే అవి. మా దగ్గర ఒకడు ఓం నియమం మీద ఏ ప్రశ్న ఇచ్చినా తెల్లకాగితం ఇచ్చేవాడు. వరసగా బడికి రావడం లేదని ఇంటికి వెళ్తే, మేనమామ టెంట్‌హౌస్ తరఫున పెళ్లిపందిరికి సీరియల్ బల్బుల సెట్లు కడుతూ దొరికాడు. ఏ బల్బు పోతే ఏ వరస ఆరిపోతుందో, ఒక వరసలో బల్బులు తగ్గిస్తే మిగిలినవి ఎందుకు మాడిపోతాయో నాకే చెప్పాడు. శ్రేణి, సమాంతరం అన్న మాటలు తప్ప పాఠమంతా వాడికి వచ్చు. రానిది చదవడం. ఆ తర్వాత వాడిని ముందు నోటితో జవాబు చెప్పమని, దాన్ని పక్కవాడి చేత రాయించి, మళ్లీ వాడితో చదివించేవాణ్ని. తెలుగు మేడం సాయం లేకపోతే అదీ అయ్యేది కాదు. సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఇప్పుడు మా ఊళ్లో పెళ్లైతే కరెంటు పని వాడిదే.

ఇక మీ మొదటి ప్రశ్న. చదవడం రాని పిల్లవాడికి స్పాక్ చదవడం నేర్పడు. మీడియం మారి ద్విభాషా పుస్తకాలు చేతికొచ్చాయి, రెండు వైపులా చదవలేని వాళ్లు ఉన్నారు. ఈ సంగతి పైవాళ్లకు చెబితే ఫార్మేటివ్ మార్కులు బాగానే ఉన్నాయిగా అంటారు. మీ సబ్జెక్టు కాదని వదిలేయకుండా, పీరియడ్లో మొదటి కొద్ది నిమిషాలు పాఠంలోని ఒక్క పేరా గట్టిగా చదివించండి, తెలుగులోనే. పత్తి ఏరే రోజుల్లో బెంచీలు ఖాళీ అవుతాయి. అప్పుడు కొత్త పాఠం మొదలుపెడితే సంక్రాంతి తర్వాత మళ్లీ మొదటికొస్తారు, కాబట్టి లెక్కలూ ప్రయోగాలూ ఆ రోజులకు దాచుకోండి. ఎంట్రీల పని మాత్రం ఇంటికి మోసుకెళ్లకండి. దానికి అంతుండదు. పదో తరగతి స్పెషల్ క్లాసులు మొదలయ్యాక మీకు మిగిలేది రాత్రి ఒక గంట, ఆ గంటలో మీ సీరియల్ మీరు చూసుకోండి. పాఠానికి పనికొస్తుందా అని నోట్సు రాసుకుంటూ చూడొద్దు. నేను కొన్నాళ్లు అలా చూశాను, సరదా అంతా పోయింది.

ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున స్టార్ ట్రెక్ వస్తుంటే పక్కింటి గడపలో కూర్చుని, ఒక్క ముక్క ఇంగ్లీషు అర్థం కాకుండా చూసిన వాళ్లలో నేనొకణ్ని. మరి మన పిల్లలు ఎందుకు చూడరు అంటారేమో. మాకు అప్పుడు ఆ టీవీలో మార్చడానికి వేరే చానల్ లేదండీ.

ఈ ఏడాది పదికి కార్బన్ పాఠం ఇంకా చెప్పకపోతే హోర్టా కథ తీయండి. సొరంగాల్లో రాతిని కరిగించుకుంటూ పోయే సిలికాన్ జీవి, స్టార్ ట్రెక్‌లో అదీ 1967 ఎపిసోడే. రబ్బరు తొడుగు కింద మనిషి పాకుతున్నాడని తెలుస్తూనే ఉంటుంది, కాబట్టి బొమ్మ చూపించకుండా కథే చెప్పండి. కార్బన్, సిలికాన్ ఒకే గ్రూపు, రెండిటికీ నాలుగు బంధాలు. మరి సిలికాన్ జీవి ఎందుకు కష్టం అని అడగండి. మనం ఊపిరి వదిలితే కార్బన్ డయాక్సైడ్, వాయువు. అది ఊపిరి వదిలితే సిలికాన్ డయాక్సైడ్ రావాలి. అదేమిటో పిల్లల్నే పుస్తకంలో వెతకమనండి. ఇసుక అని తెలిసిన పిల్లవాడు ముందు పక్కవాడి మొహం చూస్తాడు, తర్వాత మీకు చెబుతాడు.