నాన్న పట్టించుకోని పిల్లాడి కోపం గురించి

అక్కా, మీ తొమ్మిదేళ్ల బాబు బడిలో కొట్లాడుతున్నాడని, బెంగళూరులో ఉన్న వాళ్ల నాన్న నెలకోసారి కూడా ఫోన్ చేయడని రాశారు. నేనూ చిత్తూరులో అలాగే పెరిగాను. ఆ వయసులో నాకు ఎక్కువ కోపం నా మీదే ఉండేది. నేను మంచివాణ్ణయితే నాన్న వచ్చేవాడు కదా అనుకునేవాణ్ణి. చాలామంది పిల్లలు ఇలాగే తప్పు తమదేననుకుంటారు, బయటికి చెప్పరు. అందుకే "నాన్న రాకపోవడం నీ వల్ల కాదు" అని బాబుకు మళ్లీ మళ్లీ సూటిగా చెప్పండి. వస్తాడని లేని ఆశ మాత్రం పెట్టొద్దు. "ఇంటికి మగదిక్కు నువ్వే" అని చుట్టాలెవరైనా అంటే అక్కడే ఆపేయండి. ఆ మాట బరువు నేను చాలా ఏళ్లు మోశాను.

నన్ను నిలబెట్టింది మా మేనమామ. ప్రతి ఆదివారం తప్పకుండా వచ్చేవాడు, సైకిల్ పంక్చర్ వేయడం కూడా ఆయనే నేర్పాడు. తిరుపతిలో మీ తమ్ముడు ఉన్నాడన్నారుగా, వారానికో పూట బాబును కపిలతీర్థానికో, ఎస్వీ జూపార్కుకో తీసుకెళ్లమనండి. చెప్పిన రోజున మాత్రం తప్పకూడదు.

క్లాస్ టీచర్‌కు సంగతి చెప్పండి. బాబుకు నిద్ర, తిండి తగ్గితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీకు టెన్షన్ ఎక్కువైనా అదే నంబరు.