జంప్ జాకీ అవుతానంటున్న అబ్బాయికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మేం ఐర్లండ్‌లోని కిల్డేర్‌లో ఉంటున్నాం. మావాడికి పదిహేడేళ్లు, వచ్చే ఏడాది లీవింగ్ సర్ట్ (ఇక్కడి స్కూలు చివరి పరీక్ష) రాయాలి. శని, ఆదివారాలు రేసు గుర్రాలకు శిక్షణ ఇచ్చే ఒక ట్రైనర్ యార్డులో పనిచేస్తూ గుర్రాలెక్కుతున్నాడు. అడ్డంకులు దూకే గుర్రప్పందేల్లో సవారీ చేసే జంప్ జాకీనే అవుతానంటున్నాడు. మైకేల్ ఓసల్లివన్ అనే కుర్ర జంప్ జాకీ రేసులో పడి పోయినప్పటి నుంచి వాళ్లమ్మకు కంటి మీద కునుకు లేదు. వాడేమో తలుపేసుకుని ఆ అబ్బాయి ఇంగ్లండ్‌లోని చెల్టెనమ్‌లో గెలిచిన రేసే మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. వద్దని గట్టిగా చెప్పేయాలా?

జవాబు: ముందు ఒక మాట. ఆ మరణాన్ని ఇప్పుడు వాదనకు వాడకండి. మీవాడు దుఃఖంలో ఉన్నాడు. 'చూశావా ఏమైందో' అన్నారంటే ఇక గుర్రాల సంగతేదీ మీ చెవిన పడదు. రేపు నిజంగా కిందపడి తల తిరిగినా చెప్పడు. ఈ వృత్తిలో అన్నిటికంటే ప్రమాదం అదే. పైగా పద్దెనిమిది నిండాక మీ 'వద్దు'కి పట్టు ఉండదు. ఉన్న ఈ ఏడాదిలో షరతులు మాట్లాడుకోండి.

హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలు 'మన మలక్‌పేట పందేల్లాంటివేగా' అంటే నమ్మకండి. అక్కడివి ఫ్లాట్ రేసులు, అడ్డంకులుండవు. మీవాడు చెప్పేది వేరే ఆట. దూకాల్సిన అడ్డంకుల్లో చిన్నది హర్డిల్, కనీసం మూడున్నర అడుగులు; పెద్దది ఫెన్స్, కనీసం నాలుగున్నర అడుగులు ఉంటుంది. రేసు సాధారణంగా రెండు మైళ్లో, అంతకంటే ఎక్కువో ఉంటుంది. అరటన్ను గుర్రం గంటకు యాభై కిలోమీటర్ల దరిదాపు వేగంతో వాటిని దాటాలి. గుర్రం ఫెన్స్‌కి మరీ దగ్గరికొచ్చి లేస్తే ముందుకాళ్లు తగులుతాయి. మరీ దూరం నుంచి లేస్తే దిగేచోట బొక్కబోర్లా పడుతుంది. అలసిన గుర్రానికి ఈ లెక్క తప్పడం ఎక్కువ, అందుకే చివరి రెండు ఫెన్స్‌ల దగ్గర చూసేవాళ్లు కూడా ఊపిరి బిగబడతారు. ఓసల్లివన్ 2025 ఫిబ్రవరి 6న ఐర్లండ్‌లోని థర్ల్స్ రేస్‌కోర్స్‌లో పడింది చివరి ఫెన్స్ దగ్గరే. హెలికాప్టర్‌లో కార్క్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. పదో రోజున, 16న, పోయాడు. ఇరవై నాలుగేళ్లు.

జంప్ జాకీ పడటం అరుదేం కాదు, ఇరవై సవారీల్లో ఒక్కసారైనా పడటం మామూలే. చాలాసార్లు లేచి దులుపుకుని నడిచొస్తాడు. పడటం కంటే పడ్డాక జరిగేదే చంపుతుంది: గుర్రం మీద పడి దొర్లడం, వెనకొచ్చే గుర్రాల డెక్కలు తగలడం. అందుకే శిక్షణలో పరుపుల మీద పడటం కూడా నేర్పుతారు. చెయ్యి చాపకూడదు, చాపితే ముందు విరిగేది కాలర్ బోన్. గడ్డం ఛాతీకి ఆనించి, ముడుచుకుని, భుజం మీదుగా దొర్లాలి. గుర్రాలన్నీ దాటిపోయేదాకా ఉండచుట్టుకుని కదలకుండా ఉండాలి. లేచి పరిగెత్తాలనిపించే ఆ క్షణాన్ని ఆపుకోవడమే కష్టం. ఒంటికి తొడుక్కునే బాడీ ప్రొటెక్టర్ డెక్క దెబ్బ తీవ్రతను కొంత తగ్గిస్తుందంతే. మెడను కాపాడదు, మీద పడిన గుర్రం బరువునూ ఆపదు. జె.టి. మెక్‌నమారా లాంటి ఆరితేరిన రైడర్ 2013లో చెల్టెనమ్‌లో పడి మెడ కింద కదలిక కోల్పోయాడు, 2016లో చనిపోయాడు. నైపుణ్యం ప్రమాదాన్ని తగ్గిస్తుంది గానీ తీసేయదు. ఈ మాట మీవాడికి మీరు చెప్పేకంటే యార్డులో పాత జాకీ ఎవరైనా చెబితే బాగా ఎక్కుతుంది.

ఇక షరతులు. మొదటిది తల. తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అయితే డాక్టర్ అనుమతి ఇచ్చేదాకా రేసులో ఎక్కనివ్వరు. కానీ ఉదయం యార్డులో కసరత్తు చేయించేటప్పుడు పడితే చూసే డాక్టర్ ఉండడు. అక్కడే కుర్రాళ్లు దాస్తారు, చెబితే సవారీ ఇంకొకడికి పోతుందని. గట్టిగా పడిన రోజు ఇంట్లో చెప్పాలి, ఆ హెల్మెట్ మార్చాలి, పైకి పగులు కనిపించకపోయినా సరే. కొత్తదానికి డబ్బు మీరే ఇవ్వండి.

రెండోది బరువు. జంప్‌లో గుర్రం మోసేది జీనుతో కలిపి సుమారు 64 నుంచి 75 కిలోలు. ఫ్లాట్ కంటే నయమే, పొడుగు కుర్రాళ్లకూ చోటుంటుంది. కానీ మీవాడి ఎముక ఇంకా ఎదుగుతోంది. చెమట పట్టించి, నీళ్లు మానేసి బరువు దించే అలవాటు పడితే ఫెన్స్ ముందు చూపూ చెయ్యీ మందగిస్తాయి. స్పోర్ట్స్ డైటీషియన్‌కి ఒకసారి చూపించండి. తిండి తగ్గించకుండా ఆ బరువులో నిలబడలేడని తేలితే, ఇప్పుడే తెలియడం మేలు.

మూడోది దారి. కిల్డేర్‌లోనే, కర్రహ్ మైదానం అంచున, రేస్ అకాడమీ ఉంది, రెసిడెన్షియల్‌గా జాకీ శిక్షణ ఇస్తారు. మీ ఊరివాళ్లే కాబట్టి ముగ్గురూ వెళ్లి చూసి రండి. అయితే నేను ముందు పెట్టేది ఇంకో దారి: లీవింగ్ సర్ట్, తర్వాత డిగ్రీ, పక్కన అమెచ్యూర్ (వృత్తిగా కాక సరదాగా ఆడేవాళ్ల) లైసెన్స్‌తో పాయింట్-టు-పాయింట్ రేసులు, అంటే అమెచ్యూర్లు సవారీ చేసే జంప్ రేసులు. ఓసల్లివన్ చేసిందీ ఇదే. డబ్లిన్‌లోని యూసీడీ యూనివర్సిటీలో అగ్రికల్చరల్ సైన్స్ పూర్తిచేసి, 2022లో ప్రొఫెషనల్ అయ్యాడు. మరుసటి మార్చిలో చెల్టెనమ్‌లో మెరీన్ నేషనల్ అనే గుర్రం మీద సుప్రీం నోవిసెస్ రేసు గెలిచి, అదే రోజు ఇంకో రేసూ గెలిచాడు. డిగ్రీ వల్ల అతనికి ఆలస్యమేమీ కాలేదు. మీవాడు ఆ వీడియో చూస్తున్నప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి, పాఠంలా కాకుండా.

డబ్బు విషయం క్లుప్తంగా: సవారీకింత అని ఫీజు. అందులోంచి ఏజెంటుకు పదో వంతు, జీనూ బట్టలూ చూసే వాలెట్‌కి కొంత, పెట్రోలు ఖర్చు సరేసరి. కాలు విరిగితే ఆ నెలల్లో సవారీలే ఉండవు. లైసెన్స్‌తో వచ్చే ప్రమాద బీమా ఎన్ని వారాలకు ఎంతిస్తుందో కాగితం మీద చదవండి. ఇంటి లోన్‌కి తీసుకునే లైఫ్ ఇన్సూరెన్స్‌లో జాకీలను ఎలా లెక్కిస్తారో కంపెనీని అడగండి. గాయపడినవాళ్లకు ఐరిష్ ఇంజర్డ్ జాకీస్ అనే సంస్థ అండగా ఉంటుంది. వాళ్లతో మాట్లాడటానికి పడేదాకా ఆగనక్కర్లేదు.

చివరగా, వాళ్లమ్మగారిని ఒక ఉదయం ఆ యార్డుకి తీసుకెళ్లండి. ట్రైనర్‌ని మూడే ప్రశ్నలు అడగమనండి: కొత్త కుర్రాడిని అనుభవం లేని గుర్రం మీద దూకిస్తారా, పడితే ఆ రోజుకి దింపేస్తారా, అంబులెన్స్‌కి ఫోన్ చేసేదెవరు? మూడో ప్రశ్నకి ఆయన తడుముకుంటే యార్డు మార్చండి.