పియానో ఆరిపోయే చోట

అమ్మలూ,

నువ్వు బెంగళూరు నుంచి పంపిన ఫైల్ మూడుసార్లు విన్నాను. రెండుసార్లు హెడ్‌ఫోన్స్‌లో, ఒకసారి హాల్లో స్పీకర్ల మీద. కంప్యూటర్‌లో వేరే వాయిద్యాలకి మార్చడానికి, ఫ్రెంచ్ స్వరకర్త ఎరిక్ సాటీ 1888లో పియానో కోసం రాసిన మొదటి జిమ్నోపెడీని (ఆ పేరుతో ఉన్న మూడు రచనల్లో మొదటిదాన్ని) ఎంచుకున్నందుకు చాలా సంతోషం. అందులో స్వరాలు తక్కువ, ఏ చిన్న పొరపాటైనా బయటికి వినిపిస్తుంది. అలాంటిదాని మీద కూర్చుంటేనే చెయ్యి తిరుగుతుంది.

మిక్స్, అంటే ట్రాకులన్నీ కలిపిన తీరు, ఎలా ఉందని అడిగావు. మిక్స్ సంగతి తర్వాత చూద్దాం. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది.

పియానోలో మీట నొక్కగానే సుత్తి తీగను కొడుతుంది. మరుక్షణం నుంచే ఆ శబ్దం తగ్గడం మొదలవుతుంది. వాయించేవాళ్లు ఎంత గొప్పవాళ్లైనా దాన్ని మళ్లీ పెంచలేరు. పియానోకి రాసినవాళ్లు ఇది తెలిసే రాశారు. నువ్వేమో ఆ నోట్లను ఉన్నవున్నట్టు స్ట్రింగ్స్ ట్రాక్‌లోకి కాపీ చేశావు. వయొలిన్ విల్లు కదిలినంతసేపూ మోగుతూనే ఉంటుంది. దానికితోడు సస్టైన్ పెడల్ (స్వరాలను ఆపకుండా మోగనిచ్చే కాలి మీట) సమాచారం కూడా వెంట వచ్చేసింది. పియానో మీద పెడల్ తొక్కి ఉంచినా పాత కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) ఆరిపోతూ కొత్తదానికి చోటిస్తుంది. స్ట్రింగ్స్‌లో పాతది తగ్గదు, కొత్తది దాని మీద పడుతుంది. నీ ఫైల్‌లో రెండో నిమిషానికి అంతా ముద్దైపోయింది.

నేనూ ఈ తప్పు చేశాను. వడపళనిలో ఒక స్టూడియోలో రాత్రంతా కూర్చుని, ఒక పియానో బిట్‌కి స్ట్రింగ్స్ ప్రోగ్రామ్ చేసి, పొద్దున్నే వినిపించాను. సంగీత దర్శకుడు ఒక్క మాటా అనకుండా స్ట్రింగ్స్ ఫేడర్ దించేసి ఒట్టి పియానో విన్నారు. మళ్లీ ఎత్తలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి ముందు పెడల్ సమాచారం మొత్తం తీసెయ్యి. తర్వాత ఒక్కో నోటు దగ్గర ఆగి, ఇది ఎంతసేపు ఉండాలి, ఎక్కడ తగ్గాలి అని నువ్వే నిర్ణయించు. ఓపిక కావాలి. రోజుకి నాలుగు బార్లు చాలు. చాలా శాంపిల్ లైబ్రరీల్లో (ముందే రికార్డ్ చేసిన వాయిద్య శబ్దాల సేకరణల్లో) నిలిపి వాయించే స్ట్రింగ్స్‌కి వెలాసిటీ (మీట నొక్కిన వేగం) కంటే కీబోర్డ్ పక్కనుండే మాడ్యులేషన్ వీలే శబ్దాన్ని నడిపిస్తుంది. మౌస్‌తో గీత గీయకుండా, ఒక చేత్తో వీల్ తిప్పుతూ, నోటితో పాడుకుంటూ రికార్డ్ చెయ్యి. ఫ్లూట్ ట్రాక్ అయితే, నీ ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ ఆగాలి.

మధ్యలో వీణ శాంపిల్ పెట్టావు చూడు, అది నాకు బాగా నచ్చింది. నువ్వు ఆలోచించే పెట్టావో లేదో గానీ, వీణ కూడా మీటిన తర్వాత ఆరిపోయే వాయిద్యమే. అందుకే వయొలిన్ కంటే వీణే ఈ పాటకి దగ్గరైంది. కానీ గమకాలు తగ్గించు. ముఖ్యంగా గాంధారం మీద అసలు వద్దు. పాశ్చాత్య స్వరం డి ని షడ్జమం అనుకుంటే, ఆ మెలొడీ గ ప మ గ ని ద ని స ప అంటూ మన శంకరాభరణం స్వరాల్లోనే మొదలవుతుంది. మొదటి సగం మేజర్‌లో ముగుస్తుంది. రెండో సగం చివర మాత్రం శంకరాభరణంలోని అంతర గాంధారం పోయి, దానికి అరస్వరం కింద ఉండే సాధారణ గాంధారం వస్తుంది, పాట మైనర్‌లో ఆగుతుంది. ఆ ఒక్క అరస్వరం తేడా మీదే ఆ పాట విషాదమంతా నిలబడి ఉంది. మొదటినుంచీ గాంధారాన్ని ఊపుతూ వచ్చావంటే, చివరికి అది మారిందని వినేవాళ్లకి తెలియనే తెలియదు.

తంబురా తీసెయ్యి. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఎడమచేతి బేస్ జి కీ డి కీ మధ్య ఉయ్యాలలా ఊగడమే ఆ పాటకి ప్రాణం. కింద స-ప నిలబెడితే ఊయల ఆగిపోతుంది.

ఎడమచెయ్యి గురించే ఇంకో మాట. మొదటి బీట్‌కి బేస్, రెండో బీట్‌కి కార్డ్. రెండూ ఒకే చెయ్యి వాయించాలి కాబట్టి అది కింది నుంచి పైకి ఎగరాలి, అందులో సహజంగా ఒక చిన్న ఆలస్యం ఉంటుంది. బేస్‌ని డబుల్ బేస్‌కీ కార్డ్‌ని హార్ప్‌కీ పంచగానే ఆ ఎగరడం పోయింది, పైగా క్వాంటైజ్ చేశావు, అంటే నోట్లన్నిటినీ కచ్చితంగా బీట్ మీదికి జరిపేశావు. క్వాంటైజ్ తీసేసి, ముందు ఆ రెండూ నీ ఎడమచేత్తోనే కలిపి వాయించి, ఆ తర్వాత రెండు ట్రాకులుగా విడదియ్యి.

నెట్‌లో దొరికిన మిడి ఫైల్‌తో (ఏ నోటు ఎప్పుడు మోగాలో మాత్రమే చెప్పే ఫైల్‌తో) మొదలుపెట్టానన్నావు. ఇకమీదట అచ్చు నొటేషన్ ముందు పెట్టుకో, అది ఎవరి ఎడిషనో కూడా చూసుకో. రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకి రాసిన ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’లో ఎడ్లబండి మీద ఒక భాగముంది. ఆయన రాతలో బండి మొదటి నోటు నుంచే పెద్ద శబ్దంతో మన ముందుంటుంది. ఆయన పోయాక తోటి స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ సరిచేసి తెచ్చిన అచ్చులో అది మెల్లగా దూరం నుంచి వచ్చేలా మారింది. 1922లో ఫ్రెంచ్ స్వరకర్త రవేల్ ఆర్కెస్ట్రాకి రాసినప్పుడు ఆ మార్చిన అచ్చునే ఆధారం చేసుకున్నాడు. ట్యూబా మీద ఆ బండి దగ్గరికొస్తుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయినా అది ముసోర్గ్‌స్కీ రాసింది కాదు. నువ్వు మార్చాలనుకుంటే మార్చు, కానీ దేన్ని మారుస్తున్నావో తెలిసి మార్చు.

ఏదైనా మార్చకుండా వదిలెయ్యడం కూడా మన పనిలో భాగమే. సాటీ మూడు జిమ్నోపెడీల్లో మొదటిదాన్నీ మూడోదాన్నీ ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుసీ ఆర్కెస్ట్రాకి రాశాడు, రెండోదాన్ని ముట్టుకోలేదు. వీలైతే జపాన్ సంగీతకారుడు తొమిటా 1974లో సింథసైజర్ మీద చేసిన డెబ్యుసీ పియానో రచనలు విను. ఒక్కో గొంతునీ విడిగా టేప్ మీద రికార్డ్ చేసి పేర్చాడు. ఆ ఓపిక మనకి కావాలి.

హక్కుల గురించి టెన్షన్ వద్దు. మన చట్టంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్లే ఉంటుంది. సాటీ 1925లోనే పోయాడు. ఈరోజు బతికున్నవాళ్ల రచన అయితే మాత్రం అడిగి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టు. పేరు వేసేటప్పుడు ముందు సాటీ పేరు, తర్వాతే నీది.

కొత్త వెర్షన్ పంపేటప్పుడు నువ్వు వాయించిన ఒట్టి పియానో ట్రాక్ కూడా విడిగా పంపు. నేను ముందు అదే వింటాను.

మీ మావయ్య
చెన్నై