పత్రం చెల్లదని పోర్షియా అననే లేదు

అమ్మడూ,

సాహిత్యంలో ఒప్పందాల మీద పరిశోధన వ్యాసం మొదలుపెట్టావని మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది. గుబులూ ఉంది, చట్టం చదివినవాళ్లు కథల జోలికి వెళితే తీర్పులిచ్చేస్తారు కనుక.

ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు, ప్రతిఫలమేమిటి, గడువెంత, తప్పితే ఏమవుతుంది: ప్రతి రచనకూ ఇవి పేజీ నంబర్లతో రాసిపెట్టుకో. అంతే.

నా భయమంతా షేక్‌స్పియర్ నాటకం ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ గురించే. లాయరు వేషంలో కోర్టుకొచ్చిన పోర్షియా, వడ్డీ వ్యాపారి షైలాక్‌ను ఒప్పంద చట్టంతో ఓడించిందని అందరూ రాసేస్తారు. నువ్వూ రాశావంటే ఊరుకోను. నాలుగో అంకం వేలు పెట్టి చదువు. వెనిస్ వర్తకుడు ఆంటోనియోకు షైలాక్ ఇచ్చిన అప్పు 3,000 డ్యూకట్లు (బంగారు నాణేలు), గడువు మూడు నెలలు, వడ్డీ లేదు, తప్పితే ఆంటోనియో ఒంట్లోంచి ఒక పౌను మాంసం. ఈ పత్రం చెల్లదని ఆమె ఒక్కసారీ అనదు. మాంసం నీదేనని తీర్పు చెప్పి, అప్పుడు మెలిక పెడుతుంది: రక్తం చుక్క రాలకూడదు, తూకంలో వెంట్రుకవాసి తేడా రాకూడదు. కోసుకోమన్నాక రక్తం కారకుండా ఎలా? 1872లో యేరింగ్ అనే జర్మన్ న్యాయశాస్త్రవేత్త సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు. నీతికి విరుద్ధమని పత్రాన్ని మొదటే కొట్టేయాలి, చెల్లుతుందన్నాక రక్తం వంకతో అడ్డుకోవడం కుయుక్తి అన్నాడు. మొదటే కొట్టేస్తే నాటకమెక్కడిది అని నువ్వడగొచ్చు. అడుగు, వ్యాసంలోనే అడుగు.

పోనీ షైలాక్ కూలింది ఆ మెలిక దగ్గరా? అదీ కాదు. అప్పు అసలైనా ఇప్పించమని షైలాక్ అంటే, నిండు కోర్టులో వద్దన్నావుగా అంటుంది పోర్షియా. వెళ్లబోతుంటే ఆపి, పౌరుడి ప్రాణం తీయజూసిన పరదేశి ఆస్తిలో సగం ఆ పౌరుడికి, సగం ఖజానాకు అనే వెనిస్ శాసనం బయటికి తీస్తుంది. ఒప్పందం సంగతి అక్కడితో సరి, మిగిలిందంతా నేరం, శిక్ష. ఆ రెంటి మధ్యా గీత గీయకపోతే నీ అధ్యాయం నిలబడదు.

డికెన్స్ నవల ‘పిక్‌విక్ పేపర్స్’లో పెళ్లి మాట తప్పిన దావా కూడా చూస్తావు కదా, పరిహారం 750 పౌండ్లు పడుతుంది. వాదీ ప్రతివాదీ బోనెక్కకుండానే తీర్పేమిటని డికెన్స్‌ను తప్పుపట్టేవు! అలాంటి దావాల్లో కక్షిదారులు సాక్ష్యం చెప్పే వీలు ఇంగ్లండులో 1869 దాకా లేదు తల్లీ. కథ నడిచిన ఏడాది ఏది, అప్పటి చట్టమేది అన్నది ముందు చూసుకో.

నాలుగో అంకం గురించి రాసిన పేజీలు గైడుకు ఇచ్చేముందు నాకు పంపు. ఎర్ర పెన్ను దగ్గరే పెట్టుకున్నాను. రాత్రుళ్లు మేలుకుని రాయకు.

పెదనాన్న