కొలాజ్ అట్ట విల్లులా వంగితే

పాత హార్బర్ ఫోటోల కాపీలను ఫెవికాల్‌తో అట్టకు అంటించి కొలాజ్ చేస్తే, ఆరాక అట్ట వంగిపోయిందని అడిగారు. మీ అట్ట వంగడానికి కారణం ఫెవికాల్‌లోని నీళ్లు. కాపీలు ఒకవైపే అంటించారు కదా. తడికి సాగిన కాగితం ఆరేటప్పుడు ముడుచుకుని అట్టను తనవైపు లాగుతుంది.

1. ఒరిజినల్ ఫోటోలు కోయొద్దు. స్కాన్ చేసి లేజర్ ప్రింట్ తీయించండి, ఇంక్‌జెట్ రంగు తడికి పాకుతుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: అట్ట వెనక కూడా అదే మందం కాగితం, అదే జిగురుతో, అదే పూట అంటించాలి. రెండువైపులా లాగుడు సమానమైతే అట్ట వంగదు. కాగితాల నార (లోపలి పీచు) కూడా ఒకే దిశలో ఉండాలి. మెల్లగా వంచి చూడండి, ఎటు సులువుగా మడత పడితే ఆ గీత వెంబడే నార.

3. బటర్ పేపర్ కప్పి బరువు పెట్టండి. నేనైతే పొత్రమే పెడతా! వైజాగ్ గాలి తేమకు ఒక్క రాత్రి చాలదు, రెండు రోజులు ఉంచండి.

ఇప్పటికే వంగినదానికీ వెనక కాగితం వేయండి, చాలావరకు సర్దుకుంటుంది.