వెబ్‌సైట్ గురించి మొహమాటం లేని మాట ఎవరు చెప్తారు?

మొదటి వెబ్‌సైట్ చేశారు, ఎవరికి చూపించినా "బాగుంది" అని ఊరుకుంటున్నారు, లేఅవుట్‌లోనూ కోడ్‌లోనూ లోపాలు ఎవరు చెప్తారని అడిగారు. నా అనుభవంలో ఈ రెండూ ఒకే మనిషిని అడిగితే పని జరగదు. లేఅవుట్‌ని సైట్ వాడేవాళ్లు చూడాలి, కోడ్‌ని కోడ్ రాసేవాళ్లు చూడాలి.

"ఎలా ఉంది?" అంటే మనవాళ్లు మొహమాటానికైనా బాగుందనే అంటారు. అందుకని అభిప్రాయం అడగకండి, ఏదైనా పని చెప్పి చేయమనండి. కడియంలో మా బాబాయ్ నర్సరీకి సైట్ చేస్తున్నప్పుడు పిన్ని చేతికి ఫోన్ ఇచ్చి, "మామిడి అంటు ధరెంతో చూసి చెప్పు పిన్నీ" అన్నాను. పక్కనే కూర్చున్నాను గానీ ఒక్క మాట సాయం చెయ్యలేదు. పైమూలనున్న మూడు గీతల గుర్తును ఆవిడ నొక్కనే లేదు. అది మెనూ అని తెలియక పేజీ అడుగుదాకా వెళ్లింది. అక్కడ నంబరు కనబడగానే "ఫోన్ చేసి అడిగేస్తే పోలా!" అంది. ఆ గుర్తు తీసేసి "మొక్కలు, ధరలు" అని అక్షరాల్లోనే పెట్టాను, కాల్ బటన్ పైకి తెచ్చాను. అంతకుముందు డిజైన్ తెలిసిన స్నేహితుడు రంగుల గురించి చాలాసేపు చెప్పాడు, మెనూ ఊసే ఎత్తలేదు. ఆ గుర్తు అతనికి అలవాటే కదా. దీనికి పెద్ద గుంపు కూడా అక్కర్లేదు, ఐదుగురు వాడితే చాలావరకు ఇబ్బందులు బయటపడతాయని వెబ్‌సైట్ల వాడకంపై పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు.

మీ సైట్ తెలుగులో ఉంటే "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటలు హెడింగుల్లో, బటన్లలో పెట్టి చూడండి. ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్లలో లైన్-హైట్ (లైన్ల మధ్య ఎత్తు) తక్కువగా ఉంటే వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. డబ్బా దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్నచోట సగానికి తెగిపోతాయి కూడా. నేనైతే తెలుగు పేరాలకు 1.6 కంటే తగ్గించను.

ఇక కోడ్. మెషీన్ పట్టుకోగల తప్పుల కోసం మనుషుల టైం అడగకండి. ముందు హెచ్‌టీఎంఎల్ తప్పులు చూపించే డబ్ల్యూ3సీ వాలిడేటర్‌లో వేయండి, తర్వాత క్రోమ్‌లోనే ఉండే, పేజీని పరీక్షించి మార్కులు వేసే లైట్‌హౌస్ నడపండి. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరాల రంగుకీ వెనక రంగుకీ తేడా) కనీసం 4.5:1 ఉందా, పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తోందా అన్నవి అక్కడే తెలిసిపోతాయి. కానీ లైట్‌హౌస్‌లో 100 వచ్చినంత మాత్రాన కోడ్ బాగున్నట్టు కాదు. ఒకే కోడ్ నాలుగు ఫైళ్లలో కాపీ చేసి ఉన్నా, ఫంక్షన్ పేరుకీ అది చేసే పనికీ పొంతన లేకపోయినా అది పట్టించుకోదు.

అవి చెప్పడానికి మనిషే కావాలి. మొత్తం రిపో (ప్రాజెక్టు కోడంతా ఉండే ఫోల్డర్) లింక్ ఇచ్చి "చూసి చెప్పండి" అంటే మాత్రం ఎవరూ చూడరు, ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకీ తెలియదు. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టి, ఎలా రన్ చేయాలో రీడ్‌మీ ఫైల్‌లో రాసి, ఒక్క ఫైల్ చూపించి అడగండి: "ఫారం చెకింగ్, డేటా పంపడం రెండూ ఈ ఫంక్షన్‌లోనే ఉన్నాయి, విడగొట్టాలా?" ఇలా అడిగినప్పుడు నాకు ఆఫీసులో బాగా బిజీగా ఉండే సీనియర్లు కూడా ఓపిగ్గా జవాబిచ్చారు.

ఒకరు ఇలా మార్చమంటారు, ఇంకొకరు అలా అంటారు. టెన్షన్ పడకుండా ఎందుకని అడగండి, కారణం చెప్పగలిగినవాళ్ల మాటే ముందు పట్టించుకోండి. కోడ్ లైన్ల ముందు ఖాళీకి ట్యాబులా స్పేసులా లాంటి గొడవలైతే, కోడ్‌ని తనే ఒకే తీరులో సర్దే ప్రెటియర్ టూల్‌కి వదిలేయండి.